జిప్ పాస్‌వర్డ్ మర్చిపోతే: నోరు విప్పని టూలా, లెక్క చెప్పే టూలా?

గాజువాకలో మా బావ హుద్‌హుద్ నాటి ఫొటోలన్నీ ఒక జిప్‌లో పెట్టి తాళం వేశాడు. 2014 అక్టోబరు నాటి పాస్‌వర్డ్ ఇప్పుడెక్కడ గుర్తుంటుంది? అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలేనట. ఆరా, ఎనిమిదా అన్నదే అనుమానం.

ఆ అనుమానం చిన్నదేం కాదు. ఆరక్షరాలైతే దాదాపు 31 కోట్ల కూర్పులు. సెకనుకు పది లక్షలు చూసినా అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఎనిమిదైతే 20,882 కోట్లు, అదే వేగంతో 58 గంటలు.

ఆరుకి ఎఫ్‌క్రాక్‌జిప్ చాలు. ఒక్కో కూర్పూ వేసి చూస్తూ జిప్ పాస్‌వర్డ్ వెతికే టూల్ అది, కమాండ్ టైప్ చేసి నడపాలి. వాడటం తేలిక. కానీ ఎంటర్ కొట్టాక కర్సర్ తప్ప తెరమీద ఏమీ ఉండదు. నడుస్తోందో, హ్యాంగ్ అయిందో తెలీదు. పక్కన బావ "ఏటిరా, ఎంతవరకొచ్చింది?" అని అడుగుతుంటే మనకి టెన్షన్. కమాండ్‌కి హైఫన్ వి (-v) ఆప్షన్ జోడిస్తే కాస్త నయం, ప్రస్తుతం చూస్తున్న పదాన్ని చూపిస్తుంది. శాతం ఉండదు కానీ పదాలు అక్షరక్రమంలోనే వెళ్తాయి కాబట్టి మొదటి అక్షరం ఎమ్ దాటిందంటే సగం అయినట్టే. ఆ పదం రాసిపెట్టుకుంటే, ఆపేసినా హైఫన్ పి (-p) ఆప్షన్‌తో అక్కడి నుంచే మళ్లీ మొదలెట్టొచ్చు. కరెంటు పోయేలోపు రాసుకోవాలంతే!

ఎనిమిదికి మాత్రం నా ఓటు జాన్ ద రిప్పర్ అనే మరో పాస్‌వర్డ్ టూల్‌కే. అదనపు సౌకర్యాలుండే దాని జంబో వెర్షన్‌లో ఎనిమిది చిన్న అక్షరాల మాస్క్, అంటే పాస్‌వర్డ్ ఏ నమూనాలో ఉంటుందో చెప్పే సూచన, ఇచ్చి వదిలేయొచ్చు. ఎప్పుడైనా ఒక కీ నొక్కితే ఎంత శాతం అయింది, ఎప్పటికి పూర్తవుతుంది అన్నది ఒక్క లైన్లో చెప్తుంది. క్యూ మాత్రం నొక్కకండి, ఆగిపోతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మధ్యమధ్య తనే సేవ్ చేసుకుంటుంది కనుక, ఆగినా రిస్టోర్ ఆప్షన్‌తో అక్కడి నుంచే అందుకోవచ్చు.

ఇలాంటిదే మూడో టూల్ హ్యాష్‌క్యాట్ ఇంకా వివరంగా చెప్తుంది. ఎస్ నొక్కితే వేగం, శాతం, మిగిలిన సమయం అన్నీ వస్తాయి. మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే వేగంలో దానికి తిరుగులేదు. బావ పాత ల్యాప్‌టాప్‌లో ఆ కార్డూ లేదు, డ్రైవర్ల తంటాలు పడే ఓపిక నాకూ లేదు. పైగా పొడవు ఒక్కో అక్షరం పెంచుకుంటూ వెతికే ఇంక్రిమెంట్ ఆప్షన్ పెడితే దాని శాతం ఒక్కో పొడవుకే వర్తిస్తుంది. ఆరక్షరాలకి 100 చూపించి, ఏడుకి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. తెలియనివాళ్లు అయిపోయిందనుకుని సంబరపడతారు.

జిప్ ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ పద్ధతితో లాక్ అయి ఉంటే ఎఫ్‌క్రాక్‌జిప్ పక్కన పెట్టాల్సిందే, పాత తరహా జిప్‌లే దానికి లొంగుతాయి. ఏఈఎస్‌లో ఒక్కో పాస్‌వర్డ్‌కీ వెయ్యి విడతల లెక్క నడుస్తుంది కాబట్టి మిగతా రెండూ నెమ్మదిస్తాయి. అప్పుడు మిగిలిన సమయం నెలల్లో కనిపిస్తే బావకి ఆ లైనే చూపించి, పాస్‌వర్డ్ మొదటి రెండు అక్షరాలైనా గుర్తు తెచ్చుకోమనడం మేలు.