ఇంట్లో చదివే అమ్మాయికి ఏ లెక్కల పరీక్ష రాయించాలి? మేం రాయించి చూసినవాటి గురించి

మా అమ్మాయి ఏడో తరగతి తర్వాత బడి మానేసి ఇంట్లోనే చదువుకుంటోంది. ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో, సొంతూరు హిందూపురం. ఊరికి వెళ్తే "ఇప్పుడు ఏం క్లాసమ్మా?" అని అందరూ అడుగుతారు, తను ఓపిగ్గా చెప్తుంది. కానీ కాలేజీలు అడిగినప్పుడు నోటిమాట చాలదు కదా. బడి పిల్లలకి మార్కుల జాబితా ఉంటుంది, లెక్కల టీచర్ రాసిచ్చే ఉత్తరం ఉంటుంది. మా ఇంట్లో లెక్కలు చెప్పింది నేనే, "మా పిల్లకి లెక్కలు బాగా వచ్చు" అని నేనే రాసిస్తే ఎవరు నమ్ముతారు? అందుకే బయటివాళ్ళు పెట్టి బయటివాళ్ళే దిద్దే పరీక్షలు కావాల్సి వచ్చాయి. మూడు రాయించాం, ఒకటి ఇంట్లో ప్రయత్నించి వదిలేశాం.

ముందు ఎన్‌ఐఓఎస్, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ సంగతి. హోమ్‌స్కూల్ తల్లిదండ్రుల్లో కొంతమంది "శాట్ రాస్తే చాలు, బోర్డు ఎందుకు" అంటారు. శాట్ అంటే అమెరికా కాలేజీల్లో అడ్మిషన్‌కి రాసే పరీక్ష. వాళ్ళ మాట నేను అస్సలు ఒప్పుకోను. పిల్ల మనసు రేపు ఎటు మారుతుందో మనకి తెలీదు, ఇండియాలో ఏ డిగ్రీలో చేరాలన్నా పన్నెండో తరగతి సర్టిఫికెట్ అడుగుతారు. ఎన్‌ఐఓఎస్ ప్రభుత్వ బోర్డు, ఐదు సబ్జెక్టులతో సీనియర్ సెకండరీ పాసైతే జేఈఈ మెయిన్ కూడా రాయొచ్చు. లెక్కల కోడ్ 311. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఇంకోసారి, కాబట్టి ఒకసారి పోతే ఏడాది పోయిందన్న టెన్షన్ లేదు. ఇరవై శాతం మార్కులు టీఎంఏలకి, అంటే ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకి. పుస్తకాలు సైట్లో ఉచితంగానే దొరుకుతాయి. పేపర్ పుస్తకాన్ని దాటి పెద్దగా పోదు, లెక్కలంటే ఇష్టమున్న పిల్లకి కొంచెం చప్పగా ఉంటుంది. అయినా పునాది లేకుండా ఇల్లు కట్టం కదా.

శాట్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని మీద అపోహలు ఎక్కువ. ఇండియాలో 2023 మార్చి నుంచి ఇది కంప్యూటర్ మీదే. లెక్కల్లో రెండు మాడ్యూళ్ళు, ఒక్కోదానికి 35 నిమిషాలు, 22 ప్రశ్నలు. మొదటి మాడ్యూల్ ఎలా చేశామో చూసి రెండోది సులువుదో కష్టమైనదో వస్తుంది. లెక్కలకి 800 స్కోరు. క్యాల్కులస్ ఒక్క ముక్క కూడా ఉండదు. ఆల్జీబ్రా, ఫంక్షన్లు, శాతాలు, నిష్పత్తులు, డేటా చదవడం, కొంచెం జ్యామితి, త్రికోణమితి అంతే. మనవైపు ఇంటర్ లెక్కలు చేసే పిల్లలు "ఇదేనా" అంటారు, అని నిర్లక్ష్యం చేసి ప్రశ్న సరిగ్గా చదవక పోగొట్టుకుంటారు. మా అమ్మాయికి మొదటిసారి 740 వచ్చింది, పోయినవన్నీ వచ్చిన లెక్కలే. చివర్లో ఎక్స్ విలువ కాదు, రెండు ఎక్స్‌ల విలువ అడిగితే తను ఎక్స్ రాసి వచ్చింది.

ఇంకోటి, స్క్రీన్ మీద డెస్మోస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ పరీక్షంతా ఉంటుంది. ఒక సరళరేఖ ఒక పారాబోలాని సరిగ్గా ఒక్కచోటే తాకాలంటే స్థిరాంకం ఎంత అన్న లెక్కకి డిస్క్రిమినెంట్ తెలిసిన పిల్ల మూడు లైన్లలో చేస్తుంది, తెలియని పిల్ల డెస్మోస్‌లో స్లైడర్ జరిపి గీత ఎక్కడ తాకుతోందో చూసి రాసేస్తుంది. ఇద్దరికీ మార్కు ఒకటే. అందుకే శాట్ స్కోరు చూసి పిల్లకి లెక్కలు వచ్చాయని మీరు అనుకోకండి, అది గుమ్మం మాత్రమే. కానీ ఆ గుమ్మం కొన్నిచోట్ల తప్పదు. ఎమ్‌ఐటీ 2022లో శాట్ లేదా ఏసీటీ (శాట్‌లాంటిదే ఇంకో పరీక్ష) తప్పనిసరి అని మళ్ళీ పెట్టింది, క్యాల్‌టెక్ 2024లో పెట్టింది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కాలేజీలైతే అడ్మిషన్‌కి స్కోరు చూడనే చూడవు. కాబట్టి ముందు కాలేజీల పేర్లు రాసుకుని, తర్వాత పరీక్ష ఫీజు కట్టండి.

దీనికి కోచింగ్ అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్తే పిల్లకి ఏం వచ్చో ఒక్క ప్రశ్న అడగకుండా ప్యాకేజీ ధర చెప్పారు, మేం లేచి వచ్చేశాం. శాట్ రాసే బ్లూబుక్ యాప్‌లోనే అసలు పరీక్షలాంటి పూర్తి ప్రాక్టీస్ టెస్టులు ఉచితం, ఖాన్ అకాడమీలో పాఠాలు ఉచితం. టెస్టు రాశాక ప్రతి తప్పు పక్కన "తెలియక" "చదవక" "తొందరలో" అని మూడింట్లో ఒకటి రాయమన్నాను. రెండోసారి 780 వచ్చింది.

2017లో అమెరికా వెళ్ళిన మా చుట్టాలబ్బాయి శాట్ సబ్జెక్ట్ టెస్టు, మ్యాథ్ లెవెల్ టూ రాయించమన్నాడు. పాత సలహాల్లో హోమ్‌స్కూల్ పిల్లలకి అదే చెప్తారు. అది 2021లోనే ఆగిపోయింది, దాని కోసం వెతకొద్దు.

ఇక నాకు అన్నింటికంటే నచ్చింది ఏపీ క్యాల్కులస్ బీసీ. ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, బడి వయసులోనే కాలేజీ స్థాయి పాఠాల మీద రాసే అమెరికా పరీక్ష. ఏటా మేలో ఒక్కసారే, మూడుంపావు గంటల పరీక్ష. 45 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఆ తర్వాత చేత్తో రాసే ప్రశ్నలు ఆరు, రెండు భాగాలకీ సగం సగం వెయిటేజీ. స్కోరు ఒకటి నుంచి ఐదు. అసలు విలువంతా ఆ ఆరు ప్రశ్నల్లోనే ఉంది. ఒక్కో ప్రశ్నకి తొమ్మిది పాయింట్లు, ఇంటిగ్రల్ సరిగ్గా నిలబెట్టినందుకు ఒకటి, కారణం చెప్పినందుకు ఒకటి, ఇలా విడివిడిగా వేస్తారు. జవాబు సరిగ్గా వచ్చినా "ఇక్కడే గరిష్ఠం ఎందుకు" అన్నది రాయకపోతే పాయింటు పోతుంది. పాత ప్రశ్నలు, దిద్దే పద్ధతితో సహా, శాట్, ఏపీ రెండూ పెట్టే కాలేజ్ బోర్డ్ సైట్లో ఉచితంగా ఉన్నాయి. రోజూ సాయంత్రం ఒక్క ప్రశ్న, పదిహేను నిమిషాల్లో తను రాసేది, ఆ షీటు పక్కన పెట్టుకుని నేను దిద్దేదాన్ని. ఇన్నేళ్ళు నోటితో చెప్పుకుంటూ లెక్కలు చేసిన పిల్లకి వేరేవాళ్ళు చదివి అర్థం చేసుకునేలా రాయడం అప్పుడే వచ్చింది. నాకు కూడా ఎక్కడ సరిగ్గా నేర్పలేదో అప్పుడే కనపడింది, సిరీస్ కన్వర్జెన్స్ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి కూర్చుని చేశాం. 2025 మేలో రాసింది, నాలుగు వచ్చింది. ఐదు రాలేదని రెండు రోజులు బాధపడింది. నాకైతే శాట్‌లో వచ్చిన 780 కంటే ఈ నాలుగే ఎక్కువ.

కష్టమల్లా సెంటర్ దొరకడం. శాట్‌కి ఇంట్లో కూర్చుని రిజిస్టర్ చేసుకోవచ్చు, ఏపీకి ఏదో ఒక స్కూలు మన పిల్లని తమ దగ్గర రాయనివ్వాలి, నవంబర్ గడువులోపల పేపర్ ఆర్డర్ చేయాలి. ఒక స్కూలు రెండు నెలలు ఆశ పెట్టి, గడువుకి వారం ముందు "బయటి పిల్లలకి కుదరదు" అంది. ఆ వారం నిద్ర లేదు. చివరికి సర్జాపుర రోడ్డు వైపు ఇంకో స్కూలు ఒప్పుకుంది, అక్కడి కోఆర్డినేటర్‌కి ఈ జన్మలో రుణపడి ఉంటాను. మీరు మాత్రం జులై, ఆగస్టులోనే ఫోన్లు మొదలుపెట్టండి, నోటిమాట కాకుండా మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకోండి.

ఏసీటీ ఒక ప్రాక్టీస్ పేపర్‌తో ఆపేశాం. 2025 మార్పుల తర్వాత లెక్కలు 50 నిమిషాల్లో 45 ప్రశ్నలు, వేగం బాగా ఉన్న పిల్లలకి బాగుంటుంది. మా అమ్మాయి నిదానం. శాట్ తీసుకునే అమెరికా కాలేజీలు దీన్నీ తీసుకుంటాయి కాబట్టి రెండూ రాయించక్కర్లేదు, ఇంట్లో ఒక్కో పేపర్ రాయించి ఏది నప్పితే అది పట్టుకోండి.

ఇంత చేశాక ఇప్పుడు తన మనసు అమెరికా మీద లేదు. మన మైసూర్ రోడ్డులోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ బీమ్యాథ్, అంటే లెక్కల డిగ్రీ చదవాలంటోంది. దానికి పన్నెండులో లెక్కలు, ఇంగ్లీషు ఉండాలి, ఎన్‌ఐఓఎస్‌లో రెండూ తీసుకుంది కాబట్టి ఇబ్బంది లేదు. ప్రవేశ పరీక్షలో పొద్దున ఆబ్జెక్టివ్, మధ్యాహ్నం రెండు గంటలు రుజువులు రాసే పేపర్. శాట్ ప్రాక్టీస్ దీనికి పనికిరాలేదు, ఏపీ కోసం కారణాలు రాసిన అలవాటు మాత్రం రోజూ పనికొస్తోంది. పాత పేపర్‌లో ఒక్క ప్రశ్నతో మొన్న మూడు రోజులు కూర్చుంది, నాలుగో రోజు అన్నం తింటూ లేచి వెళ్ళి బోర్డు మీద రాసింది.

ఏపీ పాత ప్రశ్నలు, దిద్దే షీట్లు ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించినవి మా దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఒకటి ఇచ్చేస్తాను.