ఆ 9.5 రేటింగ్ చూసి టికెట్లు తీయకండి

వైజాగ్‌లో ఈ వారం ఆ షేర్ మార్కెట్ సినిమాకి వెళ్దామనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పేరు రాయను. కొత్త కుర్రాళ్లు, చిన్న బడ్జెట్, పోస్టర్ మీద ‘ఫైనాన్షియల్ థ్రిల్లర్’ అని ఉంటుంది.

శనివారం మా బావమరిది ఫోన్ చేసి "బావా, టికెట్ల యాప్‌లో 10కి 9.5 ఉంది, పోదాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని గాజువాక నుంచి జగదాంబ దాకా ఎండలో బండి మీద వెళ్లాం. రెండు టికెట్లకి 354 రూపాయలు, అందులో 54 కన్వీనియన్స్ ఫీజే, అంటే యాప్‌లో బుక్ చేసినందుకు వేసేది. హాల్లో మాతో కలిపి 11 మంది.

మొదలు బాగానే ఉంది. ఆపరేటర్లు ఒక డొక్కు షేరు పట్టుకుని, తమలో తామే కొని అమ్ముతూ రేటు లేపి, టెలిగ్రామ్‌లో టిప్స్ వదిలి, జనం ఎగబడ్డాక మొత్తం అమ్మేసి జారుకుంటారు. ఇది నిజంగా జరిగేదే. నేనూ ఒకసారి అలా 20 వేలు వదిలించుకున్నవాణ్ణే, అందుకే ఆశగా కూర్చున్నా. ఆ తర్వాత గోవిందా. హీరో రాత్రి పదకొండింటికి షేర్లన్నీ అమ్మేస్తాడు, వెనకాల గోడ గడియారం కూడా చూపిస్తారు! మార్కెట్ మధ్యాహ్నం 3:30కే మూసేస్తారు కదా నాయనా. రాత్రి ఆర్డర్ పెట్టుకున్నా అది కదిలేది మర్నాడు మార్కెట్ తెరిచాకే. ఇంకోచోట ఆ షేరు ఒక్కరోజులో మూడింతలవుతుంది. ఇలాంటి షేర్లకి సర్క్యూట్ అని ఒక హద్దు ఉంటుంది, రోజుకి 20 శాతం మించి పెరగవు, పడవు. లోయర్ సర్క్యూట్ కొట్టాక, అంటే పడే వైపు హద్దు తగిలాక, అమ్ముదామంటే కొనేవాడు లేక రోజుల తరబడి ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం ఉంటుందే, అసలు టెన్షన్ అది. దాన్నే వదిలేశారు.

బడ్జెట్ లేదు పాపం అని సర్దుకుందామా అంటే, 2011లో వచ్చిన ఇంగ్లీష్ సినిమా ‘మార్జిన్ కాల్’ కూడా చాలావరకు ఒక ఆఫీసులో రాత్రికి రాత్రి జరిగే కథే. దర్శకుడికి అదే మొదటి సినిమా, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. లెక్క తెలిసి రాయడానికి డబ్బు అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. తండ్రి వేషం వేసినాయన పాస్‌బుక్ తిరగేస్తూ మాట్లాడకుండా కూర్చునే సీన్ ఉంది, అక్కడ మా బావమరిది పాప్‌కార్న్ నమలడం ఆపేశాడు.

ఇంటర్వెల్‌లో యాప్ తెరిచి చూశా. ఆ 9.5 వెనక ఉన్నవి 140 ఓట్లు. రివ్యూలు సగానికి పైగా మొదటి షో పడకముందే, ముందురోజు రాత్రి రాసినవి. మూడింట్లో అదే వాక్యం, ‘క్లైమాక్స్’ అన్నచోట అదే అక్షరం తప్పు. తెర మీద ఆపరేటర్లు షేరుకి చేసిన పనే ఎవరో ఈ సినిమాకీ చేశారు, మళ్లీ నేనే దొరికాను.

కాబట్టి ఎన్ని ఓట్లున్నాయో చూడండి, రివ్యూల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి. కుదిరితే కౌంటర్లోనే టికెట్ తీసుకోండి. మా బావమరిది ఆదివారానికి వాళ్ల అత్తమామలకి కూడా ముందే బుక్ చేసేశాడట, హాల్లోంచే క్యాన్సిల్ కొట్టాడు. టికెట్ డబ్బులు వచ్చాయి. ఫీజు 54 రాలేదు.