పద్మినికి కరెంటు కిట్: రెండు స్టార్లు, అవి కూడా మోటారుకే

కిట్ అమ్మినవాళ్ళ పేరు రాయను. ఫోను చేస్తే ఇప్పటికీ ఎత్తుతారు, ఆ మర్యాద ఉంది.

నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు గుంటూరులో మా పోర్టికోలో టార్పాలిన్ కప్పుకుని పదేళ్ళుగా ఉంది. ఆ 1089 సీసీ ఇంజనుకి బోరింగ్ చేయించాలంటే అయ్యే ఖర్చు విన్నాక, కరెంటు బండిగా మార్చేద్దామనుకున్నాను. పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, మోటార్లంటే భయం లేదు. మా ఆవిడకే టెన్షన్.

లక్షా నలభై వేలకి 72 వోల్టుల, 10 కిలోవాట్ల మోటారు, కంట్రోలర్, ఛార్జరు, పెడల్, మోటారుని గేర్‌బాక్స్‌కి బిగించే ప్లేటు, రెండింటి షాఫ్టుల్నీ కలిపే కప్లింగ్ వచ్చాయి. మోటారు బంగారం. శబ్దం లేదు, వేడెక్కదు. మిగతా సామాను సంగతే చెప్పాలి.

"పద్మినికి అతికినట్టు సరిపోతుంది సార్" అన్న ప్లేటులో రెండు బోల్టు రంధ్రాలు కలవలేదు. అది డ్రిల్లింగ్‌తో పోయే తప్పు. కప్లింగ్ అలా కాదు. బిగించి తిప్పితే గరగరమని మోత. మూడు రోజులు మోటారునే అనుమానించాను.

చివరికి సామానంతా బావమరిది ట్రాలీ ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్ళాను. మేస్త్రీ కప్లింగ్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి ఒకే మాట అడిగాడు: "గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు దేని మీద ఆనుతుంది మాస్టారూ?"

నా దగ్గర జవాబు లేదు. ఇంజనుంటే క్రాంక్ చివర చిన్న బుష్ ఉంటుంది, షాఫ్ట్ కొస అందులో కూర్చుంటుంది. ఇంజను తీసేస్తే ఆ బుష్షూ పోయింది. కిట్ చేసినవాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు. ఆధారం లేని షాఫ్ట్ ఊగుతూ తిరుగుతోంది, ఇంకొన్నాళ్ళయితే గేర్‌బాక్స్ బేరింగ్ పోయేది.

పాత క్లచ్ ప్లేటు మధ్యలో పళ్ళున్న హబ్బుని కోసి, కొత్త కప్లింగ్‌లో వెల్డింగ్ చేశాడు. లోపల గన్‌మెటల్ బుష్ దించాడు. వెల్డింగ్ వేడికి వంకర పోతుందని మళ్ళీ లేత్ మీద పెట్టి, వంకర కొలిచే డయల్ గేజ్ ముల్లు దాదాపు కదలనంత వరకూ సరిచేశాడు. రెండు రోజుల పని, ఆరున్నర వేలు. మోత మాయం. అయిదు స్టార్లూ ఆయనకే.

కిట్‌లో ఇంకో లోపం ప్రమాదకరమైనది. మొదట కరెంటుని మెల్లగా వదిలే ప్రీఛార్జ్ రెసిస్టర్ ఇవ్వలేదు. అది లేకుండా కాంటాక్టర్ (బ్యాటరీని కంట్రోలర్‌కి కలిపే పెద్ద స్విచ్చు) ఆన్ అయితే కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుంజుతాయి, కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అప్పుడు తాళం తీసేసినా బండికి కరెంటు ఆగదు. నేను రెసిస్టరూ, ఫ్యూజూ విడిగా కొని వేసుకున్నాను. కరెంటు పని రానివాళ్ళు ఈ కిట్ జోలికి వెళ్ళొద్దు.

బ్యాటరీ నా సొంత కూర్పు. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 24, మొత్తం 76.8 వోల్టులు, ఏడున్నర యూనిట్ల పైచిలుకు. కిట్‌తో వచ్చిన ఛార్జరు మామూలు పవర్ ప్లగ్ మీద ఆరు గంటల్లో నింపుతుంది. కాకపోతే 45 డిగ్రీలు దాటితే ఆ సెల్స్‌ని ఛార్జ్ చేయకూడదు. గుంటూరు మే నెల సంగతి తెలిసిందేగా, రాత్రి తొమ్మిది దాటాకే ప్లగ్గు పెడుతున్నాను.

క్లచ్ లేదు కాబట్టి బండి ఆపి, స్టీరింగ్ పక్కనున్న గేరు కాడని మూడులో వేసి వదిలేస్తాను. బయల్దేరడానికీ అదే గేరు చాలు.

రోడ్డెక్కలేదు, ఎక్కించను కూడా. పాత బండిని కరెంటు బండిగా మార్చే రెట్రోఫిట్ కిట్‌కి ఏఐఎస్-123 అనే వాహన ప్రమాణం ప్రకారం ఆమోదం ఉండాలి, ఆర్సీలో మార్పు రాయించాలి. కొనేముందు "అన్నీ ఉన్నాయి సార్" అన్నారు, డబ్బు పడ్డాక కాగితం అడిగితే "వస్తుంది" అంటున్నారు. ముందే కాగితం చూడకపోవడం నా బుద్ధితక్కువ. అందుకని బండిని ట్రక్కు మీద బావమరిది మిర్చి గోడౌనుకి చేర్చి, ఆ ఆవరణలోనే తిప్పుతున్నాను. చప్పుడు లేని బండి కదా, హమాలీలు తప్పుకోరు. అడుగడుగునా హారన్ కొట్టాలి.

మొన్న కిట్ వాళ్ళే ఫోను చేశారు, ఆ కప్లింగ్ డ్రాయింగ్ పంపమని. మేస్త్రీకి చెప్తే నవ్వాడు. "డ్రాయింగెక్కడిది మాస్టారూ! ఆరున్నర వేలు పంపమనండి, సామానే పంపుతా."