పాత మెడికల్ జర్నల్స్, మినిట్స్ పుస్తకాల బైండింగ్ – తిరుపతిలో మా అనుభవం

తిరుపతిలో పాత పుస్తకాలు నమ్మకంగా ఎవరికి ఇవ్వొచ్చని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా డాక్టర్ల సంఘం లైబ్రరీని రెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఈ మధ్య 46 జర్నల్ వాల్యూములు, 3 మినిట్స్ పుస్తకాలు బైండింగ్‌కి ఇచ్చాం. అంతకుముందు ఐదు వాల్యూములు ఇంకో చోట స్కానింగ్‌కి ఇచ్చాం. బైండింగ్ చేసినాయన గురించి ఎంత చెప్పినా తక్కువే. స్కానింగ్ సంగతి కూడా చెప్తాను, ఇంకొకరు అదే పొరపాటు చేయకూడదు కాబట్టి.

షాపు గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది. బోర్డు లేదు, షట్టర్ పక్కన గోడ మీద నీలం పెయింటుతో బైండింగ్ అని రాసుంటుంది, అంతే. లోపల ఒక కటింగ్ మిషను, ఒక చేతి ప్రెస్సు, మైదా జిగురు గిన్నె, ఆయన కూర్చోడానికి ఒక పీట. కాలేజీ పిల్లల రికార్డులు, ఆఫీసుల లెడ్జర్లు ఆయన రోజువారీ పని. అలాంటి చోట పాత మెడికల్ జర్నల్స్ ఇవ్వడమేంటని మా కమిటీలో ఇద్దరు గట్టిగానే అన్నారు, నాకూ మొదట్లో టెన్షన్‌గానే ఉండింది.

మా దగ్గర ఏముందో చెప్తే ఆ టెన్షన్ ఎందుకో అర్థమవుతుంది. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చాక ఈ ఊళ్లో డాక్టర్లు పెరిగారు, వాళ్లలో రిటైరైనవాళ్లు, పోయినవాళ్ల ఇంటివాళ్లు తమ పుస్తకాలు సంఘానికి ఇస్తూ వచ్చారు. అట్లా చేరినవే మద్రాసులో 1904లో డాక్టర్ యు. రామారావు మొదలుపెట్టిన యాంటిసెప్టిక్ పత్రిక వాల్యూములు, కలకత్తా నుంచి 1866 మొదలు 1955 దాకా వచ్చిన ఇండియన్ మెడికల్ గెజిట్‌లో కొన్నేళ్లవి, ఇంకా మన సంఘం పాత మినిట్స్, చందా పుస్తకాలు. ఇవన్నీ రెండు బీరువాల్లో ఉండేవి. 2021 నవంబరు వరదలు మర్చిపోయినవాళ్లు ఈ ఊళ్లో ఉండరు. మా గదిలోకీ నీళ్లొచ్చాయి, కింది అర మొత్తం నానింది. ఆర్ట్ పేపరు మీద అచ్చేసిన జర్నల్స్ తడిసి ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా తయారయ్యాయి. మేం తెలియక మేడ మీద ఎండలో ఆరబెట్టాం, కాగితాలు వంకర్లు తిరిగిపోయాయి. నీడలో, ఫ్యాన్ గాలికి, పేజీల మధ్య మామూలు తెల్ల కాగితాలు పెట్టి, వాటిని మారుస్తూ ఆరబెట్టాలని తర్వాత తెలిసింది. అది కూడా రెండు రోజుల్లోపే మొదలుపెట్టాలి, ఆలస్యమైతే బూజు పడుతుంది.

ఇక బైండింగాయన. మొదటిరోజు పది వాల్యూములు తీసుకెళ్తే, రేటు కూడా చెప్పకుండా ముందు పేజీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి ఫారం, అంటే మడిచి కలిపి కుట్టిన పేజీల కట్ట, విడివిడిగా చూసి, ఏ పేజీ లేదో, ఏది చినిగిందో చిన్న చీటీ మీద రాసి ఆ వాల్యూములోనే పెట్టాడు. పని అయ్యాక మళ్లీ లెక్కపెట్టి అదే చీటీ మీద టిక్కు కొట్టి ఇచ్చాడు. చెప్పకుండానే ఇంత పని చేసిన మనిషిని ఈ ఊళ్లో నేను ఇంకెక్కడా చూడలేదు.

గెజిట్ 1940 వాల్యూము దగ్గర జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి టీబీ శానిటోరియం ఉంది, అప్పట్లో అదంతా మన చిత్తూరు జిల్లానే. అక్కడి ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే డాక్టర్లు ఆ 1940 గెజిట్‌లో ఒక జబ్బు గురించి రీసెర్చ్ పేపరు రాశారు. ఎక్స్‌రేలో టీబీలాగే కనిపిస్తుంది కానీ టీబీ కాదు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు మాత్రం విపరీతంగా పెరిగి ఉంటాయి. 1943లో వైన్‌గార్టెన్ దీనికే ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు, ఆ పేరుతోనే మనమందరం చదువుకున్నాం. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వల్ల శరీరంలో వచ్చే రియాక్షన్ అని తర్వాత తేలింది, ఇప్పుడు ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్రలతో తగ్గిపోతుంది. రాత్రంతా దగ్గి దగ్గి నిద్రలేక నా దగ్గరికి వచ్చిన పేషెంట్లు నాకింకా గుర్తున్నారు. ఇంత పెద్ద విషయం మన పక్కనుంచే వెళ్లి అచ్చయిందని నాకు తెలిసింది ఈ లైబ్రరీ బాధ్యత తీసుకున్నాకే.

ఆ పేపరు ఇంటర్నెట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. మరి ఈ పాత పుస్తకం ఎందుకని మా కమిటీలోనే అడిగారు. బైండింగాయన ఆ వాల్యూమును కటింగ్ మిషను కింద పెట్టబోయి ఆగాడు. అంచులు సమంగా కోయడం మామూలుగా జరిగేదే, పుస్తకం నీటుగా వస్తుంది. ఆయన లైటు దగ్గరకి తీసుకెళ్లి పేజీ వాల్చి నాకు చూపించాడు. మార్జిన్లో పెన్సిలుతో సన్నగా తెలుగులో రెండు లైన్లు. 'ఇట్లాంటి దగ్గు కేసులు నేనూ చూశాను. టీబీ అనే పంపించాను.' కింద సంతకం లేదు, తేదీ లేదు. మన ప్రాంతంలో ప్రాక్టీసు చేసిన ఎవరో డాక్టరు ఈ పేపరు చదివి, తన పొరపాటు తనే ఒప్పుకుని ఒంటరిగా రాసుకున్న మాట అది. ఇంకో రెండు మిల్లీమీటర్లు కోసి ఉంటే సగం అక్షరాలు పోయేవి.

"అంచు కోసేది లేదు డాక్టరమ్మా, ఎవురో రాసుకోనుండారు దీంట్లో" అన్నాడాయన. ఆ తర్వాత ఏ వాల్యూమూ నన్ను అడక్కుండా కోయలేదు.

స్కానింగ్ గురించి నేను కోపంగా ఉన్నది కూడా ఇందుకే. ముందు స్కానింగ్‌కి ఇచ్చిన ఐదింటిలో ఇదే 1940 వాల్యూమూ ఉంది, వాళ్లు ఫైలు సైజు తగ్గుతుందని అంతా బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో లాగారు. అచ్చు అక్షరాలు నల్లగా, చక్కగా వచ్చాయి, మార్జిన్ మాత్రం తెల్లగా ఖాళీగా ఉంది. పెన్సిలు రాత జాడ కూడా లేదు. ఆ పీడీఎఫ్ చూసి అసలు పుస్తకం పారేసి ఉంటే ఆ రెండు లైన్లు ఎప్పుడో ఉండేవని కూడా ఎవరికీ తెలిసేది కాదు. ఇంకో వాల్యూమైతే మమ్మల్ని అడక్కుండానే వెన్ను కోసేసి విడి కాగితాలు చేసి ఫీడర్‌లో పెట్టారు. ఫారాలు పోయాయి కాబట్టి బైండింగాయన దాన్ని అంచు దగ్గరే పట్టి కుట్టాల్సి వచ్చింది, ఇప్పుడది పూర్తిగా తెరుచుకోదు. కాబట్టి స్కానింగ్‌కి ఇచ్చేటప్పుడు కలర్‌లో, కనీసం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో), పుస్తకం విప్పకుండా అని కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ ఫైళ్లు టిఫ్ అనే, క్వాలిటీ తగ్గని ఫార్మాట్‌లో తీసుకోండి, ఒక కాపీ వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర పెట్టండి. ఇంకో మాట, పేషెంట్ల పేర్లున్న రిజిస్టర్లు, కేస్ షీట్లు మేం ఏ షాపుకీ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. అవి తాళం వేసిన బీరువాలోనే ఉన్నాయి.

పాత జర్నల్స్ బైండ్ చేసేటప్పుడు యాడ్స్ పేజీలు చించి పారేయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు, మా దగ్గర ముందే బైండింగ్ అయిన వాల్యూముల్లో చాలావాటికి అవి లేవు. ఆ రోజుల్లో డాక్టర్లు ఏ టానిక్కులు, ఏ ఇంజెక్షన్లు రాసేవాళ్లో ఆ యాడ్స్‌లోనే తెలుస్తుంది. ఈయన ముందే అడిగి, యాడ్స్, పైకవర్లు కూడా అన్నీ ఉంచి కుట్టాడు.

మినిట్స్ పుస్తకాల్లో ఒకటి చేత్తో ముట్టుకుంటే పెళుసుగా విరిగే స్థితిలో ఉంది. ల్యామినేషన్ చేయిద్దామని మా కమిటీ మాట. "చేస్తే మళ్లీ తీసేదానికి కాదు" అని ఆయన ఒప్పుకోలేదు, ఆయనదే కరెక్టు. నేను పాత కాగితాల రిపేరుకి వాడే పల్చటి జపనీస్ టిష్యూ పేపరు తెప్పించి ఇచ్చాను, పల్చటి మైదా జిగురుతో చిరుగుల మీద అతికించాడు, కావాలంటే నీళ్లతో తడిపి తీసేయొచ్చు. పాత సెల్లోటేపు ముక్కలని వెదురు బద్దతో ఒక్కో అంగుళం లేపుతూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాడు, నేను పక్కనే కూర్చుని చూశాను. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపడం వాళ్ల పద్ధతి, పాత కాగితానికి రాగి మంచిది కాదని చెప్తే వెంటనే మానేసి మాకోసం వేరే గిన్నెలో కాచాడు.

లోపాలూ చెప్పాలి. మూడు వారాలన్నది ఏడు వారాలైంది, మధ్యలో ఫోన్ ఎత్తడు, షాపుకే వెళ్లాలి. వెన్ను మీద తెలుగు అక్షరాలు వేసే అచ్చులు ఆయన దగ్గర లేవు, మినిట్స్ పుస్తకాలకి కూడా ఇంగ్లీషులోనే వేయించుకోవాల్సి వచ్చింది. రెండు యాంటిసెప్టిక్ వాల్యూముల మీద సంవత్సరాలు తారుమారయ్యాయి, చూపిస్తే డబ్బులు తీసుకోకుండా మార్చి ఇచ్చాడు. రేటు రెక్సిన్ వెన్ను, కాలికో గుడ్డ అట్టలతో వాల్యూముకి 380 రూపాయలు, మినిట్స్ పుస్తకాలు రిపేరుతో కలిపి ఒక్కోటి 1,200. మొత్తం 21,080 అయింది. ఇంత ఓపికగా చేసినదానికి నాకు తక్కువే అనిపించింది, అడిగితే ఎక్కువ తీసుకోలేదు.

ఇంకో 20 వాల్యూములున్నాయి, కింది అరలో తడిసినవాటిలో విడిపోయేవి అవే. ఫిబ్రవరి, మార్చి పిల్లల రికార్డుల సీజన్, అప్పుడు వద్దన్నాడు. జూన్‌లో తీసుకెళ్తాం. ఈసారి ఇచ్చేముందు ప్రతి పేజీ మార్జిన్ నేనే లైటు కింద చూస్తాను.