ముక్కు దగ్గర మోత, చెవిలో మైకు: ఇన్ని పరీక్షల తర్వాత నా మాట

"చెవికేం కాలేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అనే మాట ఏడాదిన్నర విన్నాను. అందుకే తెర మీద ఒక గీత లేచి నేను చెప్పేది నిజమేనని చూపించిన రోజు ఆ మిషన్‌కు దండం పెట్టాలనిపించింది. సోనోట్యూబోమెట్రీ అనే ఆ చెవి పరీక్ష గురించి రాస్తున్న ఈ సమీక్షలో ఆ ప్రేమ కొంత కనిపిస్తుంది, ఏమనుకోకండి.

హనుమకొండ–ములుగు రూట్‌లో కండక్టర్‌ని. జ్వరం వచ్చి తొమ్మిది కిలోలు తగ్గాక ఎడమ చెవితో బాధ మొదలైంది. వినపడక కాదు, నా గొంతు నాకే మరీ ఎక్కువ వినపడేది. "గూడెప్పాడు, కటాక్షాపూర్, మల్లంపల్లి" అని అరిస్తే గోలెంలో తల పెట్టి అరిచినట్టు మోగేది. ఊపిరి తీసినా ఆ గాలి చప్పుడు చెవిలోనే. "ఇయ్యాల నీ నోరు లేస్తలేదేంది?" అని మా డ్రైవరన్న నవ్వేవాడు.

హనుమకొండలో రెండుసార్లు టింపనోమెట్రీ చేశారు, కర్ణభేరి ఎలా కదులుతుందో చూడటానికి చెవిలో రబ్బరు మొన పెట్టి ఒత్తిడి మారుస్తారే, అది. రెండుసార్లూ 'ఎ' టైపు, అంటే నార్మల్. ముక్కు నుంచి చెవికి పోయే గొట్టం, యూస్టేషియన్ ట్యూబ్, మూసుకుందేమోనని ముక్కు స్ప్రే, ఆవిరి రాశారు. వాటితో మోత ఇంకా పెరిగింది.

చివరికి హైదరాబాద్‌లో సోనోట్యూబోమెట్రీ చేయించుకోమన్నారు. ముక్కు రంధ్రం దగ్గర చిన్న స్పీకరు, చెవిలో మైకు. 7 కిలోహెర్ట్జ్ దగ్గర 'స్...' మని సన్నటి హోరు వదులుతారు. మామూలుగా ఆ గొట్టం మూసే ఉంటుంది. మింగినప్పుడు అర సెకను కూడా కాకుండా తెరుచుకుంటుంది, ఆ క్షణంలో చెవిలో శబ్దం ఐదారు డెసిబెల్స్ లేచి మళ్లీ పడిపోతుంది, తెర మీద గీతలో అది గుట్టలా కనిపిస్తుంది. చెవిలోకి గాలి కొట్టరు, నొప్పి లేదు, మింగడమే మన పని.

కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి వెళ్లాను. హాలు నిండా జనం. నీరసమొచ్చి గంటసేపు బెంచీ మీద వాలాను. తర్వాత పిలిచి పరీక్ష చేస్తే చక్కగా చిన్న గుట్ట లేచి పడింది. మళ్లీ నార్మల్! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆ ఆడియాలజిస్టు అమ్మాయి అడిగింది: "ఇప్పుడు మోగుతుందా అక్కా?" ఆలోచిస్తే మోగడం లేదు. బెంచీ సంగతి చెప్పాను. పడుకుంటే అక్కడి రక్తనాళాల్లో రక్తం నిండి గొట్టం చుట్టూ కండ ఉబ్బుతుందట, దాంతో తాత్కాలికంగా మూసుకుంటుందట. రెండుసార్లు మెట్లెక్కి దిగి రమ్మంది. ఆయాసంతో వచ్చి కూర్చుంటే, నేను మింగకముందే గీత పైన నిలబడి ఉంది. మోకాళ్ల మధ్య తల వంచమంది. గీత కిందికి జారింది, నా చెవిలో మోత కూడా అదే క్షణంలో ఆగింది. చిన్నపిల్లలా మూడుసార్లు లేచీ వంగీ చూసుకున్నాను. గొట్టం మూసుకుపోయిందని ఇన్నాళ్లూ మందులు వాడితే, అది అసలు మూసుకోవడమే మానేసింది! బరువు ఒక్కసారిగా తగ్గితే దాని చుట్టూ ఉండే కొవ్వు కరిగి ఇలా అవుతుందని అప్పుడే తెలిసింది.

ముక్కు దగ్గర ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి మింగితే చెవిలో శబ్దం పెరుగుతుందని ఆడం పొలిట్జర్ అనే వైద్యుడు 1869లోనే గమనించాడట. అది మా వరకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం నా పొగడ్త కొంత తగ్గింది. నోరెండిపోయి మింగుడు పడలేదు. పది గుటకలకు మూడు గుట్టలే కనిపించాయి, అందులో ఒకటి గొంతు చప్పుడేనేమో అంది ఆ అమ్మాయి. బాగున్నవాళ్లకు కూడా ప్రతి గుటకకూ గీత లేవదట.

ఇంకో సంగతి నన్ను నిజంగా మండించింది. మొన్న హనుమకొండలో కొత్తగా చేరిన ఒకాయన అదే పాత టింపనోమెట్రీ మిషన్ పెట్టి, ఒత్తిడి మార్చకుండా ఒక ముక్కు మూసి గట్టిగా ఊపిరి తీయమన్నాడు. ఊపిరికి తగ్గట్టు గీత అలలా ఊగింది, అంటే గొట్టం తెరుచుకునే ఉందని అక్కడే తెలిసిపోయింది. అదే మిషన్, అదే కుర్చీ! అప్పుడు ఎవరైనా "ఊపిరి తీయమ్మా" అని ఉంటే నాకు రైలు ఛార్జీ, రెండు లీవులు మిగిలేవి.

కాబట్టి జలుబు చేసి చెవి దిబ్బడ వేసినవాళ్లు దీనికోసం హైదరాబాద్ పరుగెత్తాలని నేననను. సొంత గొంతు మోగేవాళ్లయితే డాక్టరును అడిగి చూడండి, పరీక్షకు ముందు మాత్రం పడుకోకండి. నాకు ఆరు కిలోలు తిరిగొచ్చాక మోత చాలావరకు తగ్గింది. మేడారం జాతర డ్యూటీలో నీళ్లు తాగకుండా నిలబడిన రోజు మాత్రం మళ్లీ గోలెమే. మళ్లీ పరీక్షకు వెళ్లాలా వద్దా అన్నది నా బరువు మీద, డిపోలో దొరికే లీవు మీద ఆధారపడి ఉంది.