పట్టాల మీద డెక్కా, పక్కనున్న యార్డా?

పెద్ద స్టేషన్‌నూ దాని చుట్టూ ఉన్న పేటనూ కలిపి కొత్తగా కట్టాలంటే ముందు తేల్చుకోవలసింది ఇదే: పట్టాల పైన డెక్ (భవనాలను మోసే పెద్ద కప్పు) వేయడమా, పక్కనున్న పాత గూడ్స్ యార్డు (సరుకు రైళ్ల స్థలం)లో కట్టడమా.

డెక్ వేస్తే పట్టాలు విడదీసిన రెండు వైపులూ కలుస్తాయి. న్యూయార్క్ హడ్సన్ యార్డ్స్‌లో రైళ్లు నిలిపే 30 లైన్ల యార్డు మీద, రైళ్లు తిరుగుతుండగానే కట్టి, మొదటి దశను 2019లో తెరిచారు. కానీ స్తంభాలకు చోటు లైన్ల మధ్య సందుల్లోనే దొరుకుతుంది. పట్టాలు తప్పిన పెట్టె గుద్దినా అవి నిలబడాలి. పనికి చిక్కేది రాత్రి మూడు నాలుగు గంటలు. కరెంటు ఆపడానికీ, తీగను భూమికి కలపడానికీ (ఎర్తింగ్), మళ్లీ కరెంటు ఇవ్వడానికీ పట్టే సమయం అందులోంచే పోవాలి. విద్యుత్ తీగ, దానిపై వదలాల్సిన ఖాళీ, దూలాల మందం కలిస్తే డెక్ పట్టాలకు సుమారు 9 మీటర్ల పైన ఉంటుంది. వీధి పట్టాల మట్టంలోనే ఉంటే, 1:12 వాలుతో (12 మీటర్లకు ఒక మీటరు ఎక్కేలా) చక్రాల కుర్చీకి 108 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చోట్లు అదనం. ప్లాన్లలో ఎక్కువగా మరిచిపోయేది దీన్నే, లిఫ్టు చెడిపోయిన రోజు తెలిసొస్తుంది.

పాత గూడ్స్ యార్డు దొరికితే పని సులువు. లండన్ కింగ్స్ క్రాస్‌లో 67 ఎకరాలను దశలవారీగా కట్టారు. ధాన్యపు గిడ్డంగి 2011లో కళాశాలైంది. ఇక్కడ చిక్కు నేలలో ఇంకిన నూనె, తారు. మట్టి పరీక్ష టెండరుకు ముందే జరగాలి. పట్టాల అడ్డు మాత్రం అలాగే ఉంటుంది, అండర్‌పాస్ వేయాల్సిందే.

యార్డు ఉంటే మా ఓటు దానికే. భూమి బాగా ఖరీదై, వేరే స్థలమే లేనిచోట డెక్.