షేవింగ్ నురగ: ఆరేళ్ళు గిన్నెలోనూ, చెంప మీదా కలిపి చూశాక

సేఫ్టీ రేజర్‌కి మారి ఆరేళ్ళు దాటింది. వారానికి నాలుగుసార్లు గడ్డం గీసుకుంటాను. నాది ముళ్ళలాంటి గడ్డం. మెడ దగ్గరైతే వెంట్రుకలు ఒక్కో చోట ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటాయి. డబ్బా ఫోమ్ వాడిన రోజుల్లో మెడంతా ఎర్రగా పొక్కులు తేలేవి. కాలర్ తగిలినా మంటే. రేజర్ మార్చాను, నాలుగు రకాల బ్లేడ్లు మార్చాను, పటిక రుద్దాను. కొద్దికొద్దిగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నురగ సరిగ్గా కలపడం వచ్చాకే పోయింది. అందుకే కొత్తగా మొదలుపెట్టిన స్నేహితులు ఏ రేజర్ కొనమంటావని అడిగితే, ముందు బ్రష్ పట్టుకోవడం నేర్చుకోమని చెప్తాను.

గడ్డాన్ని మెత్తబరిచేది సబ్బు కాదు, నీళ్ళు. పొడి వెంట్రుక కంటే బాగా నానిన వెంట్రుక చాలా తేలిగ్గా తెగుతుంది. ఆ నీళ్ళు జారిపోకుండా గడ్డం మీద నిలబెట్టడం, బ్లేడు చర్మాన్ని గీరకుండా జారేలా చేయడం నురగ చేసే పని. ఇది అర్థమయ్యాక మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

నేను మాత్రం తప్పు దగ్గర మొదలుపెట్టాను. అప్పట్లో హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అద్దెకుండేవాళ్ళం. అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్ళే ఆధారం, ఎండాకాలం వస్తే ట్యాంకర్లు. గట్టి షేవింగ్ సబ్బు ఒకటి, కొత్త బ్రష్ ఒకటి తెచ్చుకుని రోజూ పది నిమిషాలు తిప్పేవాణ్ణి. వచ్చేది కుంకుడుకాయ పులుసు నురగలాంటిది. పెద్ద పెద్ద బుడగలు, చూస్తుండగానే టపటపా పేలిపోయేవి. చెంపకి పూసిన అరనిమిషంలో కింద చర్మం కనపడేది. వాష్‌బేసిన్‌లో మాత్రం తెల్లగా, విరిగిన పాలలాగా తునకలు తేలేవి. మూడు నెలలు ఇదే వరస. చెయ్యి తిరగడం లేదనుకున్నాను.

మాది కోనసీమ. అక్కడి నుంచి నాన్న ఒకసారి వచ్చారు. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా వాడుతున్నది సబ్బు స్టిక్కే. గోదావరి కాలువ నీళ్ళతో ఆయన చెంప మీద రెండు చుట్లు తిప్పితే చాలు, మీగడలా నురగ వచ్చేస్తుంది. చిన్నప్పుడు వసారాలో స్తంభానికి అద్దం తగిలించుకుని గీసుకుంటుంటే పక్కన నిలబడి చూసేవాణ్ణి. అలాంటి మనిషి మా బాత్రూంలో ఐదు నిమిషాలు రుద్దినా నురగ రాలేదు. బయటికొచ్చి, "ఇవేం నీళ్ళురా, సబ్బుని తినేస్తున్నాయి" అన్నారు.

ఆ మాట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఫిల్టర్ నీళ్ళు ఒక గ్లాసుడు పట్టి ఇచ్చాను. అదే స్టిక్, అదే బ్రష్, అదే చెయ్యి. నిమిషంలో నురగ లేచింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జరిగేది ఇది. షేవింగ్ సబ్బుల్లో ఎక్కువగా ఉండేది స్టియరిక్ ఆమ్లం నుంచి వచ్చే సబ్బు. దట్టమైన, తొందరగా పేలని నురగ దానివల్లే వస్తుంది. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని తునకలైపోతాయి. నేను బేసిన్‌లో చూసినవి అవే. అలా పోయిన సబ్బు పోగా మిగిలిందే నురగవ్వాలి. కాబట్టి ఇలాంటి గట్టి నీళ్ళతో చేసేవాళ్ళకి రెండు దారులు. సబ్బు రెట్టింపు తీసుకోవడం ఒకటి, నీళ్ళు మార్చుకోవడం రెండోది. నేను రెండోదాన్నే నమ్ముతాను. ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళు ఒక్క గ్లాసు చాలు, బ్రష్ తడపడానికీ కలపడానికీ అంతకంటే అక్కర్లేదు. మొహం కడుక్కోవడానికి కుళాయి నీళ్ళే వాడుకోవచ్చు. క్రీమ్ కొనేటప్పుడు వెనకాల పదార్థాల వరసలో ఈడీటీఏ అని ఉందేమో చూడండి. అది కాల్షియంని పట్టి ఉంచుతుంది, గట్టి నీళ్ళలోనూ కొంత మేలు. నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి కూడా చూశాను. గ్లాసుకి నాలుగు పలుకులు వేస్తే పనిచేసింది, చిటికెడు వేసిన రోజు నురగ విరిగిపోయింది. రోజూ అంత జాగ్రత్తగా కొలుచుకునే ఓపిక ఎవరికుంటుంది, వదిలేశాను.

ఇక గిన్నె పద్ధతి. మొదలుపెట్టేవాళ్ళకి నా ఓటు దీనికే. నురగ కళ్ళ ముందు ఉంటుంది, ఏమవుతోందో కనపడుతుంది. తప్పయితే మళ్ళీ కలుపుకోవచ్చు, ఈలోపు చర్మానికి ఏమీ కాదు. మొదట స్టీలు గిన్నె వాడాను. అది తొందరగా చల్లారుతుంది, అంతకుమించి పేచీ లేదు. ఇప్పుడు వాడేది లోపల గీతలున్న పింగాణీ గిన్నె. ఆ గీతలకి బ్రష్ రాసుకుని పని కొంచెం తొందరగా అవుతుంది, అంతే. ఇంట్లో వాడకుండా పడున్న గిన్నె ఏదైనా ఉంటే దాంతోనే మొదలుపెట్టండి.

బ్రష్‌ని గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, పిండి, రెండుసార్లు విదిలిస్తాను. బాదంగింజంత క్రీమ్ గిన్నెలో వేసి, మొదటి అరనిమిషం నీళ్ళు ఏమీ పొయ్యకుండా తిప్పుతాను. అప్పుడది వెన్నపూసలా జిగటగా, బ్రష్‌ని పట్టి లాగుతూ ఉంటుంది. తర్వాత పావు చెంచా నీళ్ళు. పది, పదిహేను చుట్లు. మళ్ళీ పావు చెంచా. మళ్ళీ చుట్లు. ఇలా ఏడెనిమిది విడతలు.

రెండో మూడో విడతకే గిన్నె నిండా తెల్లగా పొంగుతుంది. కొత్తవాళ్ళందరూ ఆగిపోయేది ఇక్కడే, నేనూ చాలాకాలం ఇక్కడే ఆగాను. ఇంత నురగ వచ్చింది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అందులో ఉన్నది గాలే, నీళ్ళు కాదు. దగ్గరగా చూడండి. పైన మెరుపు ఉండదు, పిండి చల్లినట్టు పాలిపోయి ఉంటుంది. బ్రష్ పైకెత్తితే కొసలు గట్టిగా, శిఖరాల్లా నిలబడతాయి. దీన్ని పూసుకుని గీస్తే బ్లేడుకి ముద్దలా అతుక్కుంటుంది. పై పెదవి మీద వెంట్రుకని కోయకుండా పీకుతుంది.

ఆగకుండా ఇంకో విడత, ఇంకో విడత నీళ్ళు చేర్చుకుంటూ పోతే ఐదో విడత తర్వాత నురగ మారుతుంది. అంతవరకూ వినపడిన చిటపట చప్పుడు తగ్గిపోతుంది. బుడగలు కంటికి ఆననంత చిన్నవైపోతాయి. పైన గిలక్కొట్టిన పెరుగుకి వచ్చే నిగారింపు వస్తుంది. బ్రష్ ఎత్తితే కొస నిలబడి మెల్లగా వంగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం తీసుకుని గట్టిగా నొక్కి రుద్దితే వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకోకుండా జారిపోతాయి. అక్కడ ఆగాలి. దాటితే దోసెల పిండి పల్చనైనట్టు జారి మెడ మీదికి కారుతుంది, మళ్ళీ పెద్ద బుడగలు కనపడతాయి. అప్పుడు కంగారు పడక్కర్లేదు, ఇంకాస్త క్రీమ్ వేసి తిప్పితే దారికొస్తుంది. మొత్తం మీద నాకు పట్టేది రెండున్నర నుంచి మూడు నిమిషాలు.

నేను చేసిన వాటిలో ఎక్కువ ఉపయోగపడింది ఒకటుంది. ఒక వారం రోజులు సాయంత్రాలు గడ్డం గీసుకునే పని లేకుండా ఊరికే నురగ కలిపాను. పావు చెంచా లెక్కన నీళ్ళు పోసుకుంటూ, అది పూర్తిగా పాడయ్యేదాకా పోసేవాణ్ణి. ఎన్నో విడతకి మెరుపొచ్చింది, ఎన్నో విడతకి జారింది అన్నది చూసుకునేవాణ్ణి. పొద్దున్నే ఆఫీసు టైమ్ దగ్గరపడే టెన్షన్‌లో ఇవేవీ తెలియవు. వారంలో పోయేది పది గ్రాముల క్రీమ్ కూడా ఉండదు. ఎంత నీళ్ళు తాగగలదో తెలిశాక, ఆరేళ్ళలో ఏ సబ్బు కొత్తగా తెచ్చినా రెండో రోజుకే కుదిరిపోతోంది.

నాన్న పద్ధతి వేరు. గిన్నె మాటెత్తితే, "మొహం ఉండగా గిన్నెందుకురా" అంటారు. నేను ఏడాది తర్వాత దీన్లోకి వచ్చాను. తడి గడ్డానికి సబ్బు స్టిక్‌ని ఎదురు దిక్కులో రుద్ది, తడి బ్రష్‌తో చెంప మీదే గుండ్రంగా తిప్పడం. బ్రష్ కొసలు వెంట్రుకల మొదళ్ళ దాకా వెళ్ళి వాటిని పైకి లేపుతాయి. రాపిడికి సబ్బు లోపలికి పడుతుంది. నా అనుభవంలో గిన్నె నురగతో గీసినదానికంటే దీనితో గీసినప్పుడే మెడ నున్నగా వస్తుంది. చలికాలం పొద్దున్నే ఆ వెచ్చదనం కూడా బావుంటుంది. అయితే నీళ్ళు ఎన్ని పడ్డాయో తెలియడానికి అనుభవం కావాలి. కొంచెం ఎక్కువైతే మోచేతి దాకా కారతాయి. మెత్తటి చర్మం ఉన్నవాళ్ళు అదే పనిగా గుండ్రంగా రుద్దితే బ్లేడు తగలకముందే చెంపలు కందిపోతాయి. ఒక నిమిషం గుండ్రంగా తిప్పి, మిగతాది గోడకి సున్నం వేసినట్టు పైకీ కిందికీ పూస్తే సరిపోతుంది.

అరచేతిలో కలపడం ప్రయాణాలకి. నురగ తడి ఎంతుందో చేతికే తెలుస్తుంది కాబట్టి నేర్చుకోవడానికీ మంచిదేనని కొందరంటారు. నాకు సగం నురగ వేళ్ళ సందుల్లోంచి బేసిన్‌లోకే పోతుంది.

బ్రష్‌ల విషయానికొస్తే, మొదటిది పంది వెంట్రుకలది. గరుకుగా ఉండి గట్టి సబ్బుని బాగా ఎత్తుతుంది. కాకపోతే వాడే ముందు రెండు మూడు నిమిషాలు నానబెట్టాలి, ఇరవై ముప్ఫై సార్లు వాడాక గానీ కొసలు చీలి మెత్తబడవు. దేని వెంట్రుకలని అమ్మ అడిగింది. చెప్పాను. దేవుడి గది పక్కనున్న బాత్రూంలో అది వద్దు నాన్నా అంది. ఆమె మాట తీసెయ్యాలనిపించలేదు. మీ ఇంట్లోనూ ఆ పట్టింపు ఉంటే సింథటిక్ తీసుకోండి. లేకపోయినా మొదటి బ్రష్‌గా సింథటిక్కే మంచిదంటాను. నానబెట్టే పని లేదు, కుచ్చు నీళ్ళని పెద్దగా పీల్చుకోదు కాబట్టి పోసిన కొలత పోసినట్టు గిన్నెలోకే వస్తుంది, గంటలో ఆరిపోతుంది. నా బ్రష్ కుచ్చు మొదట్లో 24 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, ఐదో ఏడు నడుస్తోంది. వెంట్రుకలు ఇప్పటికి నాలుగైదు ఊడి ఉంటాయేమో. వానాకాలంలో బాత్రూంలోనే వదిలేస్తే ఏ బ్రష్‌కైనా ముక్క వాసన వస్తుంది. బాగా విదిలించి, గాలి తగిలే కిటికీ దగ్గర పెట్టాలి.

గట్టి సబ్బా, క్రీమా అంటే మొదటి మూడు నెలలు క్రీమే. ఊళ్ళో ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే పామోలివ్, ఓల్డ్ స్పైస్ ట్యూబులతో ఎంతో మంచి నురగ వస్తుంది, నేను ఇప్పటికీ వాడతాను. నేను వాడే లెక్కన 70 గ్రాముల ట్యూబు నాలుగు నెలలు వస్తుంది. ఇటలీ నుంచి వచ్చే ప్రొరాసో పచ్చ డబ్బా ఒకటి పుట్టినరోజుకి మా ఆవిడ కొనిచ్చింది. అందులో నీలగిరి తైలం, మెంథాల్ ఉంటాయి. మే నెలలో అది పూసుకుంటే మొహం మీద చల్లగాలి కొట్టినట్టుంటుంది. ఖరీదు ఎక్కువైన కొద్దీ నురగ గొప్పగా ఉంటుందనుకోవద్దు. నేను కొన్నవాటిలో అన్నిటికంటే ఖరీదైన క్రీమ్ ఒకటి ఎంత నీళ్ళు పోసినా అంటుకుపోయి, పైగా మంట పుట్టించింది. సగం ట్యూబు పారేశాను.

ఒక సంగతి మాత్రం మన దగ్గర చాలామంది గమనించరు. ఫ్యాన్. నేను గీసుకునేది హాల్లో ఉన్న వాష్‌బేసిన్ దగ్గర. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతుంటే ఎంత మంచి నురగైనా రెండో చెంపకి వచ్చేసరికి ఎండి పెచ్చులు కడుతుంది. ఎండాకాలంలో మరీను. ఇప్పుడు ముందు స్విచ్ ఆపి, తర్వాతే గిన్నె తీస్తాను. గిన్నెలో సగం నురగ మిగిల్చుకుని, గెడ్డం కిందికి వెళ్ళేముందు తడి బ్రష్‌తో మళ్ళీ ఒక పూత వేస్తాను. గడ్డం పెరిగే దిక్కున ఒకసారి, కడిగి మళ్ళీ పూసి అడ్డంగా ఒకసారి. ఎదురు గీతకి మెడ మీద ఇప్పటికీ వెళ్ళను. పొక్కులు కనపడి మూడేళ్ళయింది.

నాన్న కిందటి దసరాకి వచ్చారు. పొద్దున్నే లేచి, నేను చెప్పకుండానే వంటింట్లో ఫిల్టర్ దగ్గర గ్లాసు నింపుకుని, స్టిక్ జేబులో వేసుకుని బేసిన్ దగ్గరికి నడిచారు. నేను వెళ్ళి ఫ్యాన్ ఆపాను.